ప్లాటినం కోసం నాలుగు రాత్రులు

దసరా సెలవులకు మా ఇంటివాళ్లు ఊరికి వెళ్లారు. ఆఫీసు పని ఉండడంతో నేను ఆగిపోయాను. రాత్రుళ్లు ఖాళీగా ఉండడం ఎందుకని ఎలైట్ డేంజరస్‌లో ప్లాటినం కోసం గనుల యాత్ర పెట్టుకున్నాను. తెలియనివారి కోసం ఒక్క మాట: 2014 డిసెంబరులో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుంచి వచ్చిన ఆన్‌లైన్ ఆట ఇది. మన పాలపుంతను అసలు కొలతలతో, సుమారు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలతో కట్టారు. గ్రహాల చుట్టూ ఉండే వలయాల్లో గ్రహశకలాలను తవ్వి అమ్ముకోవడం అందులో ఒక బతుకుతెరువు. నాకు రోజుకు దొరికేది రెండు గంటలు. అందుకని ప్రతి చోటునూ ఒకే కొలబద్దతో చూశాను: ఆ రెండు గంటల్లో రాళ్లను తవ్వే నా లేజరు రాయి మీద ఎంతసేపు వెలిగింది?

తీసుకెళ్లిన ఓడ పైథాన్. ఇంతకంటే పెద్దవి నా దగ్గర ఉన్నాయి కానీ వాటికి దిగే చోటు సమస్య. అవుట్‌పోస్టులనే చిన్న మజిలీల్లో పెద్ద ఓడలను ఆపడానికి స్థలమే ఉండదు. పైథాన్ మధ్యరకం కాబట్టి ఆ బాధ లేదు.

మొదటి రాత్రి బొరాన్ అనే నక్షత్ర వ్యవస్థకు వెళ్లాను. 2020లో అక్కడ జాతర జరిగింది. మంచు వలయంలో వజ్రాల హాట్‌స్పాట్లు, అంటే ఆ సరుకు ఎక్కువగా దొరికే ప్రాంతాలు, మూడు ఒకదాని మీద ఒకటి పడిన చోటు అది. ఎక్కడెక్కడి ఆటగాళ్లూ అక్కడే మకాం వేశారు. తర్వాత నిర్మాతలు దిగుబడి లెక్కలూ ధరలూ మార్చేశారు. ఆ సంగతి తెలిసి కూడా, ఒకసారి చూడాలన్న మోజుతో వెళ్లాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ. దారిలోనే అరగంటకు పైగా పోయింది. పరీక్షించిన రాళ్లలో చాలావాటిలో వజ్రం జాడే లేదు. చివరి పావుగంటలో మాత్రం ఒక కోర్ రాయి, అంటే కడుపులో సరుకు దాచుకున్న రాయి, దొరికింది. పల్స్ వేవ్ ఎనలైజర్ మీట నొక్కితే చుట్టూ ఉన్న రాళ్లు పసుపు రంగులో మెరుస్తాయి. వాటిలో నల్లటి పగుళ్లతో భగ్గుమనేదాని కడుపులో సరుకు ఉండే అవకాశం ఎక్కువ. పగుళ్లలో పేలుడు మందు దట్టించి, పేలుడు బలం తెర మీది నీలి గీతల మధ్యకు వచ్చేలా సరిచూసుకుని, దూరంగా జరగాలి. రాయి పేలిన ఆ క్షణం దీపావళి. సంపాదనకు ఇది నిలకడైన దారి కాదు కానీ, సరదాకు దీన్ని మించింది లేదు.

రెండో రాత్రి ఎవరూ చెప్పుకోని ఒక లోహ వలయం దగ్గర ఆగాను. అది నేను బస చేసిన స్టేషనుకు రెండే దూకుల దూరంలో ఉంది (దూకు అంటే ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి గెంతడం). ఎంచుకునేటప్పుడు రెండే చూశాను. వలయం లోహ రకం అయి ఉండాలి, ఎందుకంటే ప్లాటినం మంచు వలయంలో దొరకదు. నిల్వలు 'ప్రిస్టీన్' అని రాసి ఉండాలి, అంటే ఎవరూ కొల్లగొట్టనివి. అక్కడికి చేరాక వలయం మీదికి సర్ఫేస్ స్కానర్ ప్రోబ్ ఒకటి విసిరితే హాట్‌స్పాట్లన్నీ పటం మీద తేలాయి. కొత్తవారు చాలామంది ఇక్కడే పొరబడి, వనరుల తవ్వక స్థలం అని పేరు ఉన్న చోటుకు వెళ్తారు. అక్కడ తవ్వకం కంటే దొంగల కాల్పులు ఎక్కువ. ప్రమాదకరం అని రాసి ఉన్నచోట పోలీసులు కూడా ఉండరు.

హాట్‌స్పాట్‌లో దిగాక కూడా ప్రతి రాయిలోనూ ప్లాటినం ఉండదు. ముందు ప్రాస్పెక్టర్ లింపెట్ అనే చిన్న డ్రోనును రాయికి అంటించాలి. అది ఏ ఖనిజం ఎంత శాతం ఉందో చెబుతుంది, రాలే ముక్కల సంఖ్యనూ పెంచుతుంది. నేను 25 శాతం కంటే తక్కువ ఉన్న రాయిని తాకలేదు. మొదట్లో 12 శాతం రాళ్లను కూడా 'ఇంతదూరం వచ్చాం కదా' అని తవ్వేవాడిని. అది పిసినారితనం, దానివల్ల కాలం పోతుంది. రాలిన ముక్కలను ఏరుకొచ్చేవి కలెక్టర్ లింపెట్లు. ఫలానా ముక్కను తెమ్మని గురిపెట్టి పంపితే అది ఒక్కటి తెచ్చి చచ్చిపోతాయి. ఏ గురీ పెట్టకుండా వదిలితే ఆయుష్షు ఉన్నంతసేపూ తెస్తూనే ఉంటాయి. ఈ సంగతి తెలియక నేను మొదటి నెలలో ఎన్ని లింపెట్లను బలి ఇచ్చానో లెక్కలేదు. లింపెట్ ధర 101 క్రెడిట్లు (ఆటలోని డబ్బు), స్వల్పమే. కానీ ఒక్కొక్కటి సరుకు గదిలో ఒక టన్ను చోటు తింటుంది, అవి అయిపోతే మళ్లీ స్టేషనుకు పరుగు. 128 టన్నుల గదిలో 80 లింపెట్లతో బయలుదేరడం నాకు కుదిరింది. అవి ఖర్చవుతున్నకొద్దీ ప్లాటినానికి చోటు వస్తుంది. ఆ రాత్రి గంటంబావు సేపు లేజరు రాళ్ల మీదే ఉంది. యాత్రలో ఉత్తమ మజిలీ ఇదే.

మూడో రాత్రి అదే చోట, 64 టన్నులు నిండాక, మా వీధిలో కరెంటు పోయింది. ఇరవై నిమిషాలకు వచ్చింది. మళ్లీ ప్రవేశిస్తే ఓడ అదే రాళ్ల మధ్య ఉంది, నిమిషం తిరగకుండా దొంగలు కూడా వచ్చారు. మామూలుగా వలయంలో దిగగానే వాళ్లు వచ్చి సరుకు గది చూస్తారు, ఖనిజం లేకపోతే విసుక్కుని వెళ్లిపోతారు. అందుకే ఖాళీగా దిగడం క్షేమం. ఆట ఆపి మళ్లీ మొదలుపెడితే వాళ్లూ మళ్లీ మొదటి నుంచి వస్తారు, ఈసారి గది నిండుగా ఉంటుంది. అక్కడే ఉన్న పెద్ద ఓడల బరువు అదే వ్యవస్థలో వేగం పెంచి తప్పించుకునేవాళ్లను ఆలస్యం చేస్తుంది, వేరే నక్షత్రానికి దూకేవాళ్లను చేయదు. అది గుర్తొచ్చి పక్క నక్షత్రాన్ని ఎంచుకుని దూకాను. షీల్డు పోయింది, ఓడ ఒంటి రేకు 61 శాతం మిగిలింది, సరుకు భద్రం. అప్పటి నుంచి మధ్యలో లేవాల్సి వస్తే వలయం దాటి బయటికి వచ్చాకే లేస్తున్నాను. కరెంటు మాట వేరు, దానికి యూపీఎస్ కొనుక్కోవడమే.

నాలుగో రాత్రి అమ్మకం. రెండు దారులు ఉన్నాయి. వలయం ఉన్న వ్యవస్థలోనే ఎవరో ఆటగాడి ఫ్లీట్ క్యారియర్ ఆగి ఉంది. 500 కోట్ల క్రెడిట్లు పెట్టి కొనుక్కునే తేలే సత్రం అది. పదహారు ఓడలు ఒకేసారి దిగవచ్చు. ఇంధనం, మరమ్మతు వంటివి యజమాని దయ. ఇతను మరమ్మతు పెట్టాడు, ప్లాటినం కొంటానని బోర్డూ పెట్టాడు, కానీ ధర స్టేషను కంటే బాగా తక్కువ. స్టేషను అయితే మంచి ధర, దూరం ఎక్కువ. ఆటలోని స్టేషన్ల ధరలు చూపే ఇనారా వెబ్‌సైటులో ధరలు చూసేటప్పుడు, పక్కనే ఉండే 'ఎంతసేపటి క్రితం' అన్న అంకె కూడా చూడాలి. ఆ వివరాలు పంపేది మనలాంటి ఆటగాళ్లే. రెండు రోజుల నాటి ధర నమ్మి వెళ్లి గిరాకీ అడుగంటిన స్టేషనులో బిక్కమొహం వేసిన అనుభవం నాకుంది. సగం సరుకు క్యారియర్‌కు ఇచ్చి రేకు బాగు చేయించుకున్నాను, సగం స్టేషనులో అమ్మాను. తెలివైన వ్యాపారి ఇలా చేయడు, దొంగల దెబ్బ తిన్నవాడు చేస్తాడు.

అమ్మకం తొందరగా ముగిసింది. మిగిలిన సమయంలో ఆల్ఫా సెంటారీలోని హట్టన్ ఆర్బిటల్‌కు ఓడను తిప్పాను. ప్రధాన నక్షత్రం నుంచి 0.22 కాంతి సంవత్సరాల దూరం. దూకడానికి వీల్లేదు, నా ఓడ ఇంజనుతో అయితే గంట దాటి నేరుగా వెళ్తూనే ఉండాలి. అక్కడికి వెళ్తే అనకొండా అనే పెద్ద ఓడ ఉచితంగా ఇస్తారని కొత్తవారిని పాతవారు ఆటపట్టిస్తారు. అది అవుట్‌పోస్టు, అనకొండా అక్కడ దిగనే దిగదు. ముక్కు సూటిగా పెట్టి వంటింట్లోకి వెళ్లి పులిహోర కలిపాను, పోపులో ఇంగువ ఎక్కువైంది. తిని వచ్చేసరికి ఇంకా పది నిమిషాల దారి ఉంది. అక్కడ అమ్మడానికి తవ్వకపు సరుకేమీ మిగల్లేదు, ఆ స్టేషనులో ప్రసిద్ధమైన మగ్గులు మాత్రం కొన్నాను.