మబ్బులు పట్టిన ఆకాశం: ఆరేళ్లుగా నా దగ్గరున్న ‘వింగ్స్’ డిస్క్

1927 నాటి మూకీ చిత్రం ‘వింగ్స్’ పునరుద్ధరించిన ప్రతిని బ్లూరే డిస్క్‌గా కొనుక్కుని ఆరేళ్లయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన ఇద్దరు యువకుల కథా, ఉత్తమ చిత్రంగా మొదటి ఆస్కార్ అందుకున్న సంగతీ అందరికీ తెలిసినవే. నేను మళ్లీ మళ్లీ చూసింది మాత్రం ఆకాశ యుద్ధాలనే.

కొన్న కొత్తలో ఎవరు అడిగినా ఇంజన్ల హోరు గురించే చెప్పేవాణ్ణి. పునరుద్ధరించినప్పుడు వాద్యసంగీతంతో పాటు ఆ శబ్దాలను కూడా చేర్చారు. రెండేళ్ల క్రితం ఒక రాత్రి, విమానాలు గాలిలోకి లేస్తుండగానే నా స్పీకర్ మూగబోయింది. బాగై రావడానికి పది రోజులు పట్టింది, ఆ పది రోజులూ చప్పుడు లేకుండానే చూశాను. అప్పుడు గాని మబ్బులు నా కంటబడలేదు. ఉత్త ఆకాశంలో విమానం ఎంత వేగంగా పోతున్నా ఒకచోట నిలిచినట్లే ఉంటుంది, తెల్లటి మబ్బు అంచును ఒరుసుకుంటూ పోయినప్పుడే దాని వేగం కంటికి ఆనుతుంది. దర్శకుడు విలియం వెల్‌మన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున యుద్ధవిమానం నడిపినవాడు కనుక ఈ సంగతి ఎరిగే, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఖర్చు పెరిగిపోతున్నా సరైన మబ్బుల కోసం చిత్రీకరణ ఆపి కూర్చున్నాడు.

ముఖాలను కూడా అప్పుడే పరిశీలనగా చూశాను. ఇంజన్ మూత మీద, నటుడి వైపు తిప్పి బిగించిన కెమెరాను గాలిలో ఆ నటుడే మీట నొక్కి నడిపేవాడు. కథానాయకుడు బడ్డీ రోజర్స్ ఈ చిత్రం కోసమే విమానం నడపడం నేర్చుకున్నాడు. అతడి భుజం వెనుక నేల మొత్తం ఒక పక్కకు ఒరిగిపోతుంటే, అది నటనతో వచ్చే ముఖం కాదని నాకు అర్థమైంది.

తుపాకుల మంటలకు అద్దిన నారింజ రంగును మొదట్లో తెగ మెచ్చుకున్నాను, ఇప్పుడు అది నా చూపును మబ్బుల మీద నిలవనివ్వడం లేదు. విమానాలు నేలకూలే ఘట్టాలను ఇదివరకు వచ్చినవారికి వెనక్కి తిప్పి మరీ చూపించేవాణ్ణి. అలాంటి ఒక దృశ్యంలోనే స్టంట్ పైలట్ డిక్ గ్రేస్ మెడ ఎముక విరిగిందని తెలిశాక ఆ పని మానేశాను.

నాది ముప్పై రెండు అంగుళాల టీవీ, రాత్రి పని ముగించుకుని వచ్చి ఒంటరిగా చూస్తాను. మా ఇంట్లో వాళ్లు పారిస్ సన్నివేశాల దగ్గరే లేచి వెళ్లిపోయారు, వాళ్లను తప్పుపట్టలేను. ఓపిక ఉండి, విమానాల మీద మమకారం ఉన్నవారికైతే కొనమనే చెబుతాను. స్పీకర్ ఇప్పుడు బాగానే పనిచేస్తోంది, కానీ ఆకాశ యుద్ధం మొదలవగానే దాన్ని కట్టేస్తున్నాను.