షిర్డీ దాకా వెళ్లి ట్యాంకుల మ్యూజియం చూడకుండా వెనక్కి రావద్దు

షిర్డీలో కారు మాట్లాడుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. ఏయే చోట్లకు తీసుకెళ్తారో, ఎక్కడ ఎంతసేపు ఆగుతారో, తిరిగి ఎక్కడ దింపుతారో అన్నీ రాయించుకోండి. రాయించుకున్నాక కూడా అడ్వాన్స్ తక్కువే ఇవ్వండి. మా దగ్గర వాట్సాప్‌లో మెసేజ్ ఉంది. 4,200 రూపాయలకు శని శింగణాపూర్, అక్కణ్ణుంచి అహ్మద్‌నగర్ ట్యాంకుల మ్యూజియం, రాత్రికి మళ్లీ షిర్డీ అని స్పష్టంగా ఉంది. అయినా జరగాల్సింది జరిగింది.

షిర్డీ మొక్కు మా అక్కది. దర్శనం ప్రశాంతంగా అయింది, దాని గురించి చెప్పడానికేమీ లేదు. అక్కణ్ణుంచి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అహ్మద్‌నగర్ మాత్రం నాదీ, ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడిదీ. ఆ ఊరి పేరు ఇప్పుడు అహిల్యానగర్, జనం ఇంకా నగర్ అనే అంటున్నారు. భారత సైన్యంలో ట్యాంకు దళాల శిక్షణ కేంద్రం అక్కడే ఉంది. వాళ్లు 1994లో పెట్టిన మ్యూజియంలో మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి మన దేశంలో తయారైన విజయంత దాకా అసలు ట్యాంకులు వరుసగా నిలబడి ఉంటాయి. నేను 1/35 కిట్లు, అంటే అసలు సైజులో 35వ వంతుండే ప్లాస్టిక్ ట్యాంకు బొమ్మలు కడతాను. వాడు 1/100 ట్యాంకులతో బల్ల మీద యుద్ధాలు ఆడతాడు, ఎదురుగా కూర్చునేది నేనే. ప్లాస్టిక్‌లో ఇన్నేళ్లుగా చూస్తున్నవాటిని ఇనుములో చూడాలని ఇద్దరికీ ఎప్పటినుంచో ఉంది.

శింగణాపూర్ దారిలో ఎద్దులతో తిప్పే గానుగల దగ్గర చెరుకు రసం బాగుంటుంది, ఆగి తాగండి. ఆ తర్వాత డ్రైవర్ తనంతట తాను ఒక పూజా సామగ్రి దుకాణం ముందు కారు ఆపుతాడు, అక్కడ మాత్రం దిగకండి. నూనె సీసా, నల్లగుడ్డ, జిల్లేడు దండ ఉన్న పళ్లెం 650 అన్నారు. గుడి దగ్గరికి నడిచి వెళ్తే అదే పళ్లెం 150కి దొరికింది. మేం ఆ దుకాణంలో కొనలేదని డ్రైవర్ ముఖం మాడిపోయింది. దర్శనం అయ్యాక "మ్యూజియం ఈ రోజు బంద్" అన్నాడు. మావాడు వెంటనే ఫోన్ చేసి కనుక్కున్నాడు, తెరిచే ఉంది. అప్పుడు మాట మార్చి "అది రూట్‌లో లేదు, ఇంకో 1,500 అవుతుంది" అన్నాడు. మెసేజ్ చూపిస్తే, ఆ మెసేజ్ పెట్టింది ఏజెంటు, నేను కాదన్నాడు. ఏజెంటుకు ఫోన్ చేస్తే అది డ్రైవర్ చూసుకుంటాడన్నాడు. ఎండలో ముప్పావు గంట ఇదే నడిచింది. బావగారు అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మౌనంగా ఉన్నారంటే లోపల మండిపోతున్నారని అర్థం. చివరికి అక్క కల్పించుకుని వెయ్యికి ఒప్పించింది, అదీ నగర్‌లో దింపడానికే, తిరుగు ప్రయాణం లేదు. మొత్తం 5,200 ఇచ్చి సగం ప్రయాణం కొనుక్కున్నాం.

మ్యూజియంలోకి అడుగుపెట్టేసరికి మూసే వేళ దగ్గరపడింది. ఉన్న కాస్త సమయంలో మావాడు చాఫీ అనే ఒక్క ట్యాంకు దగ్గరే కూర్చుని నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకున్నాడు. మర్నాడు పొద్దున మళ్లీ రావాలని అక్కడికక్కడే నిర్ణయించుకుని ఊళ్లో లాడ్జి వెతికాం.

ఆ లాడ్జి పేరు రాయను గానీ, దాని తీరు మాత్రం చెప్పాలి. యాప్‌లో గది 1,450, రెండు గదులు తీసుకున్నాం. కౌంటర్ దగ్గరికి వెళ్లాక మేనల్లుడికి పరుపు వేస్తే 300 అన్నారు. వేసిన పరుపు చాప మందాన కూడా లేదు. ఆధార్ జిరాక్సులకు మనిషికి పది చొప్పున నలభై విడిగా తీసుకున్నారు. వేడినీళ్లు ఆరు నుంచి ఏడున్నర దాకా అని బోర్డు ఉంది, ఆరున్నరకే అయిపోయాయి. ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే, సర్దుకుంటాం. కానీ రాత్రంతా ఏసీ నుంచి నీళ్లు కారి కిందున్న బల్ల మీద పడ్డాయి. పొద్దున చూస్తే నోట్‌బుక్ తడిసి ముద్దయింది. సాయంత్రం అంత ఓపికగా కొలతలు వేసి గీసుకున్న చాఫీ అలుక్కుపోయింది. మేనేజరుకు చూపిస్తే "బల్ల మీద ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు. సారీ అన్న మాట కూడా నోటి నుంచి రాలేదు. పిల్లాడి కళ్లల్లో నీళ్లు చూసి బావగారు మొదటిసారి గొంతు పెంచారు. పరుపు తాలూకు 300 వెనక్కి వచ్చాయి. నగర్‌లో ఉండాల్సి వస్తే, గది చూసి, ఏసీ వేయించి, పది నిమిషాలు కూర్చుని, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

పొద్దున ఆటోకు 150 ఇచ్చి మ్యూజియం తలుపులు తీసే వేళకు చేరుకున్నాం. ఇక్కడి నుంచి నాకు ఎవరి మీదా కోపం లేదు.

బల్ల మీద మేం ఎక్కువగా ఆడేది గరీబ్‌పూర్ యుద్ధం. 1971 నవంబరు 21న, అధికారికంగా యుద్ధం మొదలవడానికి ముందే, ఇప్పటి బంగ్లాదేశ్ సరిహద్దులో జరిగింది. మన 14 పంజాబ్ బెటాలియన్‌కు తోడుగా 45 కావల్రీ అనే ట్యాంకు రెజిమెంటుకు చెందిన 14 పీటీ-76 ట్యాంకులు ఉన్నాయి. పొద్దున్నే దట్టమైన మంచులో పాకిస్తాన్ చాఫీలు వాటి మీదకు వచ్చాయి. మనవైపు స్క్వాడ్రన్‌ను నడిపిన మేజర్ దల్జీత్ సింగ్ నారంగ్ ఆ పోరులోనే చనిపోయారు, ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. చాఫీల స్క్వాడ్రన్ మాత్రం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆటలో మంచు కోసం ప్రతి టర్న్‌లో పాచిక వేసి ఎంత దూరం కనపడుతుందో తేలుస్తాం. మావాడు పీటీ-76లు తీసుకుంటాడు, ఎప్పుడూ పక్కవాటు దెబ్బ తిని ఓడిపోతుంటాడు. పాచికలే కలిసిరావడం లేదని వాడి బాధ.

మ్యూజియంలో ఆ రెండు ట్యాంకులనూ చూశాక సంగతి తెలిసింది. పీటీ-76 తేలికపాటి ట్యాంకు, బరువు 14 టన్నులే. కానీ అది నీళ్ల మీద తేలాలి కాబట్టి దాని ఒళ్లు పడవంత ఉంటుంది. పొడవు దాదాపు ఏడు మీటర్లు, కవచం మాత్రం పల్చన. చాఫీ 18 టన్నులు, అయినా పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. చాఫీ పక్కన అడుగులు వేసి కొలిచి, పీటీ-76 పక్కన మళ్లీ కొలిచి, మావాడు "మామయ్యా, ఇది పక్కకి తిరిగితే ఇంత కనిపిస్తుందా!" అన్నాడు. బల్ల మీద ఏడు సెంటీమీటర్ల ముక్కలో ఆ తేడా కంటికి ఆనదు. అక్కడే కూర్చుని తన ప్లాన్ మార్చుకున్నాడు. ఇకమీదట పీటీ-76లను కదపడట. గట్టు వెనక టరెట్ (గన్ ఉండే పైభాగం) మాత్రమే కనపడేలా నిలబెట్టి, మంచులోంచి చాఫీలు దగ్గరికొచ్చేదాకా ఆగుతాడట. అలుక్కుపోయిన బొమ్మను కొత్త పేజీలో మళ్లీ గీశాడు. ఈసారి వెనకవైపు నీటి జెట్ల రంధ్రాలతో సహా పీటీ-76ను కూడా గీశాడు.

నేను ఎక్కువసేపు నిలబడింది మెటిల్డా దగ్గర. రెండో ప్రపంచ యుద్ధంలో మొదట్లో ముందువైపు 78 మిల్లీమీటర్ల కవచంతో ఎడారిలో ఇటలీ సైన్యాన్ని హడలెత్తించిన ట్యాంకు ఇది. వేగం మాత్రం గంటకు ఇరవై నాలుగు కిలోమీటర్లే. పోత పోసిన ఉక్కు ఎలా ఉంటుందో ఇక్కడ చూడాలి. దూరం నుంచి నునుపుగానే కనిపిస్తుంది, కానీ చేతిని దగ్గరగా తెచ్చి నీడ పడేలా చూస్తే సన్నటి గరుకు తెలుస్తుంది. కిట్లు కట్టేవాళ్లలో చాలామంది పుట్టీని పల్చన చేసి బ్రష్‌తో పొడిచి, ఆ గరుకును తారురోడ్డులా తయారుచేస్తారు. అసలుదాన్ని చూశాక నాకు అది పూర్తిగా తప్పనిపిస్తోంది. 1/35లో అది ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కింద ఉందో లేదో అన్నట్టు ఉండాలి. చాఫీలాంటి అతుకుల ట్యాంకులో మాత్రం వెల్డింగ్ గీత స్పష్టంగా, అలలు అలలుగా ఉబ్బి ఉంది. దాన్ని, స్ప్రూ (కిట్ ముక్కలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ కడ్డీ) సన్నగా సాగదీసి అంటించి, గ్లూతో మెత్తబడ్డాక కత్తి మొనతో నొక్కుకుంటూ పోతే తీసుకురావచ్చు. మెటిల్డా పక్క పలకల్లో బురద జారిపోవడానికి పెట్టిన ఏటవాలు కంతలు కూడా చూడండి. మట్టి ఎక్కడ పేరుకోవాలో, ఎక్కడ పేరుకోకూడదో అవే చెబుతాయి.

పాటన్ ట్యాంకు దగ్గర జనం ఎక్కువ, అందరూ ఫోటోలు దిగేది అక్కడే. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్లు చెరుకు తోటల్లోకి, నీళ్లు వదిలిన పొలాల్లోకి వచ్చి చిక్కుకున్నాయి. మనవైపు వాటిని ఎదుర్కొన్నవాటిలో పాత షెర్మన్ ట్యాంకులతో దక్కన్ హార్స్ కూడా ఉంది. నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ అశ్వదళాల నుంచి పుట్టిన రెజిమెంట్ అది. జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్‌తో పాటన్లను కొట్టి అమరుడైన అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర వచ్చింది ఆ పోరులోనే. పాటన్ 90 మిల్లీమీటర్ల గన్‌నూ, దాని ఒడ్డూ పొడుగునూ చూస్తే షెర్మన్‌లో కూర్చున్నవాళ్ల ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది. ఈ యుద్ధం బల్ల మీద ఆడేవాళ్లు, నీళ్లున్న పొలంలో ట్యాంకులు చిక్కుకునే తడి పొలం రూల్‌ను వదిలేయకండి. అది లేకపోతే షెర్మన్‌లు నిలవవు, చరిత్రకు కూడా అన్యాయం చేసినట్టే.

విజయంత దగ్గర, ట్యాంకు దళంలో దఫేదార్‌గా చేసి రిటైరైన ఒకాయన తన మనవరాలికి ట్యాంకు చూపిస్తున్నారు. ఆవడిలో తయారైన ఆ ట్యాంకును తాను నడిపానని చెప్పారు. నేను ఫోన్‌లో నా మోడల్ ఫోటో చూపించాను. పెద్దది చేసి శ్రద్ధగా చూసి, "పెళ్లికొడుకులా ఉంది. సామానేది?" అన్నారు హిందీలో. టరెట్ చుట్టూ టార్పాలిన్ చుట్ట, వల, నీళ్ల జెర్రీకేన్, బకెట్, నలుగురి పరుపు చుట్టలు లేకుండా ట్యాంకు బయల్దేరదట. డ్రైవర్ హ్యాచ్ దగ్గర బూటు పెట్టి ఎక్కేచోట రంగు అరిగి ఇనుము మెరుస్తుందని, అరుగుదల ఎక్కడ వేయాలో వేలితో గాల్లో గీసి చూపించారు. డబ్బు పోసి కొన్న ఏ పుస్తకమూ నాకు ఇంత వివరంగా చెప్పలేదు. ఆయన ఓపికకు ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇక్కడి ట్యాంకులకు ఎప్పటికప్పుడు కొత్త రంగులు వేస్తుంటారు. బయట ఎండకూ వానకూ నిలబడాలి కాబట్టి అది అవసరమే. అందుకని ఆకారం, అతుకులు, బోల్టులు, ట్రాకుల తీరు ఇక్కడి నుంచి తీసుకోండి. రంగులు మాత్రం ఆనాటి ఫోటోల నుంచే తీసుకోండి. ట్యాంకుల మీదకు ఎక్కవద్దు. ఫోటోల నియమాలు కౌంటర్‌లోనే అడగండి, సైన్యం స్థలం కాబట్టి చెప్పిన మాట వినాలి. ట్యాంకులు ఎక్కువగా ఆరుబయటే ఉంటాయి, టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి. పిల్లలతో వెళ్లేవాళ్లు హడావుడిగా గంటలో ముగించవచ్చు. కిట్లు కట్టేవాళ్లయితే పొద్దున పూటంతా దీనికే ఉంచుకోండి.

ఇనుప ముక్కల కోసం ఇంత దూరమా అని రాత్రి విసుక్కున్న అక్క, రోల్స్ రాయిస్ సాయుధ కారు దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. అంత అందమైన కారుకు ఇనుప తొడుగేసి యుద్ధానికి పంపారా అని బాధపడింది. బయటికి వచ్చాక ఒక చిన్న హోటల్లో మిసల్ పావ్ తిన్నాం, ప్లేటు 80. నోరు మండినా బావగారు రెండో ప్లేటు తెప్పించుకుని, ప్రయాణం మొత్తంలో మొదటిసారి నవ్వారు.

షిర్డీకి తిరిగి ఎస్టీ బస్సులో వచ్చాం. మనిషికి 145, ఆడవాళ్లకు మహారాష్ట్ర ప్రభుత్వ బస్సుల్లో సగం టికెట్టే కాబట్టి అక్కకు ఇంకా తక్కువ. కారు వాడికి ఇచ్చిన 5,200తో పోల్చుకుంటే నలుగురికీ కలిపి ఆరు వందలు కూడా కాలేదు. మళ్లీ వెళ్తే పొద్దున మొదటి బస్సుకు నగర్ వెళ్లి, మ్యూజియం చూసుకుని, సాయంత్రం బస్సుకు షిర్డీ వచ్చేస్తాం. ఆ ఊళ్లో రాత్రి ఉండాల్సిన పనే లేదు.