ధ్రువపు మంచు మందం: రాడార్ లెక్క మేలా, లేజర్ లెక్క మేలా?

సఖినేటిపల్లి రేవులో పంటు మీదికి లారీ ఎక్కగానే పంటు అంచు నీటికి దగ్గరవుతుంది. పైకి తేలిన అంచు చూసి కింద ఎంత మునిగిందో సరంగు చెప్పేస్తాడు. ఆర్కిటిక్ సముద్రంలో తేలే మంచుపలకల మందాన్ని ఉపగ్రహాలు లెక్కకట్టేదీ ఇలాగే. పలకల మధ్య చీలికల్లో కనబడే నీటిని సున్నాగా పెట్టుకుని, అంచు ఎంత పైకుందో కొలుస్తాయి. పలకలో పదింట తొమ్మిది వంతులు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి అంచు కొలతలో 1 సెంటీమీటరు తప్పితే మందంలో దాదాపు 10 సెంటీమీటర్లు తప్పుతాయి.

ఐరోపా వారి క్రయోశాట్-2 (2010) రాడార్ వాడుతుంది, నాసా ఐస్‌శాట్-2 (2018) పచ్చ లేజర్ వాడుతుంది. దట్టంగా మబ్బు పడితే లేజర్ గుడ్డిదే, రాడార్‌కి అది అడ్డు కాదు. అయితే చూపు సన్నం లేజర్‌కే: దాని చుక్క వెడల్పు సుమారు 11 మీటర్లు. రాడార్ కొలత ఒక్కొక్కటి దారి పొడవునా 300 మీటర్లు, అడ్డంగా 1.6 కిలోమీటర్లు పరుచుకుంటుంది. పలకలు గుద్దుకుని లేచిన గట్లు అందులో కలిసిపోతాయి.

అసలు తగవు పలక మీది మంచుపొడి దగ్గర. లేజర్ పొడి పైనుంచే వెనక్కి తిరుగుతుంది. రాడార్ పొడిని దాటి గడ్డ దాకా వెళ్తుందని లెక్క. 20 సెంటీమీటర్ల పొడి ఉన్న పలకకు రాడార్ అంచు 20, లేజర్ అంచు 40 అనుకుందాం. ఘనపు మీటరుకు నీరు 1024, గడ్డ 917, పొడి 320 కిలోలుగా తీసుకుంటే రెండింటికీ మందం 2.51 మీటర్లే. అదే పొడిని 10 సెంటీమీటర్లు తక్కువగా అంచనా వేశారా, రాడార్ పైబరువును మరిచి మందాన్ని 30 సెంటీమీటర్లు తగ్గిస్తుంది. లేజర్ పొడిని కూడా గడ్డగా లెక్కేసి 66 పెంచుతుంది. రాడార్‌దీ మచ్చలేని లెక్క కాదు. పొడి తడిసినా, ఉప్పు పట్టినా కిరణం మధ్యలోనే ఆగి, పలక ఉన్నదానికన్నా మందంగా కనిపిస్తుంది.

వేసవిలో కరుగునీటి మడుగులు చీలికల్లాగే మెరిసి రాడార్‌ని మోసం చేస్తాయి. అందుకే గ్రాఫు గీసేవాళ్లు అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకే తీసుకోవడం మంచిది. అర మీటరు లోపు పలుచటి మంచుకు ఐరోపా వారిదే మరో ఉపగ్రహం స్మాస్ కొలతలు కలపాలి.

పాత కాలానికి జలాంతర్గాముల సోనారే (శబ్దం పంపి ప్రతిధ్వనితో కొలిచే పరికరం) దిక్కు. అది కింద మునిగిన భాగాన్నే కొలుస్తుంది కాబట్టి తప్పు పెరగదు, కానీ అవి వెళ్లిన దారుల్లోనే కొలతలుంటాయి. ఆ సోనార్‌నీ తొలి ఐస్‌శాట్‌నీ కలిపిన లెక్కలో ఆర్కిటిక్ మధ్యభాగపు శీతకాలపు సగటు 1980లో 3.64 మీటర్లు, 2008కి 1.89. ఇది తేలే మంచు కనుక, అది కరిగిందని అంతర్వేది దగ్గర సముద్రం పొంగదు. ఆ లెక్క నేలమీది మంచుది.

ఏళ్ల తరబడి తరుగుదల చూడాలంటే నా ఓటు రాడార్‌కే: వరస పొడవు, పొడి తప్పు సగంలోపు. గట్ల తీరు చూడాలంటే లేజర్. ఒకదాని అంకెల చివర రెండోదాని అంకెలు అతికించి ఒకే గీత గీస్తే మాత్రం మధ్యలో దొంగమెట్టు వస్తుంది. 2020 జూలైలో క్రయోశాట్ కక్ష్యను కాస్త పెంచి, రెండు ఉపగ్రహాలూ కొన్ని గంటల తేడాలో ఒకే మంచు మీదుగా వెళ్లే ఏర్పాటు చేశారు. అక్కడ లేజర్ 40, రాడార్ 20 చూపిస్తే, రాడార్ గడ్డ దాకా వెళ్లిందనుకుంటే ఆ మధ్య తేడాయే దాదాపుగా పొడి లోతు.