బేనీషానా, బెంగళూరానా?

కడప పక్కన మా తోటలో రెండు రకాల మామిడీ ఉంది. మొక్కలు పెట్టాలనుకునేవాళ్లూ, కాయలకు వచ్చే చుట్టాలూ అడిగేది ఇదే.

రుచి: బేనీషా, అంటే బంగినపల్లి, పీచు లేని పండు. తొక్క పలుచన. కోసుకు తినడానికి దానికి సాటి లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బెంగళూరా, అదే తోతాపురి, పండినా అంత తీపి రాదు. కానీ దోరకాయను ఉప్పూకారం అద్దుకుని కొరికితే బేనీషా ఎవరిక్కావాలి?

శ్రమ: బేనీషాను తొడిమతో కోయాలి. సొన కారితే తొక్కమీద మచ్చ, మచ్చ పడితే ధర పడిపోతుంది. మాగబెట్టడానికి వరిగడ్డి చాలు, కార్బైడ్ జోలికి పోవద్దు. అది నిషేధం కూడా. బెంగళూరాది గట్టి ఒళ్లు, లారీ కుదుపులకు తట్టుకుంటుంది.

రిస్క్: బేనీషా ఒక ఏడు విరగకాస్తే మరో ఏడు మొండికేస్తుంది. బెంగళూరా దాదాపు ఏటా కాస్తుంది, కాకపోతే ధర గుజ్జు ఫ్యాక్టరీల చేతిలో ఉంటుంది. వాళ్లు వెనక్కి తగ్గితే ఆ సీజనంతా టెన్షనే.

ఆవకాయకా? నన్నడిగితే రెండూ వద్దు, పుల్లటి నాటుకాయ తెచ్చుకోండి.

పెరట్లో రెండు చెట్లకే చోటుంటే బేనీషా పెట్టండి. ఎకరాల్లో వేసి, ఫ్యాక్టరీకి తోలే వీలుంటే బెంగళూరా. మార్కెట్‌ను నమ్మలేనివాళ్లు మా నాన్నలాగా చెరి సగం వేసుకోవచ్చు.