ఆరేళ్లు వాడిన రివార్డ్స్ కార్డు, మూడుసార్లు మారిన లెక్క

ముందే చెప్పేస్తున్నా, ఈ కార్డు తీసుకున్న కొత్తలో అడిగి ఉంటే ఐదుకు నాలుగున్నర ఇచ్చేదాన్ని. ఇప్పుడు రెండు. ఆ రెండు కూడా యాప్ బాగుంటుందని, ఒకసారి కార్డు పోతే మూడో రోజుకల్లా కొత్తది ఇంటికి పంపారని. బ్యాంకు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క బ్యాంకు సంగతి కాదు. పాయింట్లు ఇచ్చే కార్డు ఏది మీ చేతిలో ఉన్నా ఇందులో సగం మీకూ జరిగే ఉంటుంది, లేదంటే రేపో మాపో జరుగుతుంది.

తీసుకున్నప్పుడు లెక్క చాలా సులువు. వంద ఖర్చు పెడితే నాలుగు పాయింట్లు, ప్రయాణ టికెట్లకు వాడుకుంటే రెండు పాయింట్లకు ఒకటి చొప్పున విలువ, అంటే వందకు రెండు వెనక్కి. వార్షిక ఫీజు ఉంది కానీ ఏడాది ఖర్చు ఒక గీత దాటితే మాఫీ, ఆ గీత మా ఇంటి మామూలు ఖర్చులతోనే దాటిపోయేది. ఎయిర్‌పోర్టు లాంజ్ ఉచితం. ఇంకేం కావాలి అనుకుని అద్దె, ఇన్సూరెన్స్, కరెంటు, ఫోను అన్నీ దీని మీదే కట్టాను. మా చెల్లితో కూడా ఇదే తీయించాను, అది మాత్రం ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

మొదటి మార్పు రెండో ఏడాది చివర్లో. అద్దెకు, ఇన్సూరెన్స్‌కు, వాలెట్‌లో డబ్బు వేసుకోవడానికి ఇకపై పాయింట్లు రావన్నారు. అద్దె పేరుతో తమలో తామే డబ్బు తిప్పుకుని పాయింట్లు పోగేసేవాళ్లు ఎక్కువయ్యారని అప్పటికే విన్నాను కాబట్టి సరే అనుకున్నా. కానీ ఆ తర్వాత నుంచి ప్రతి నెలా స్టేట్‌మెంట్‌లో రెండు మూడు ఖర్చులకు పాయింట్లు పడేవి కాదు, ఎందుకో అర్థమయ్యేది కాదు. అడగ్గా అడగ్గా తెలిసిందేంటంటే, ప్రతి వ్యాపారికీ నాలుగు అంకెల కేటగిరీ కోడ్ ఒకటి ఉంటుంది, బ్యాంకు చూసేది ఆ కోడ్‌నే, మనం కొన్నదేమిటో దానికి తెలియదు. మందులు సూపర్‌మార్కెట్‌లో కొంటే అవి కిరాణా కిందే లెక్క. అదే ఒక యాప్ ద్వారా పిల్లాడి స్కూల్ ఫీజు కడితే ఆ యాప్ కోడ్ ఏదైతే అది. నేను కట్టిన ఫీజు బిల్లుల చెల్లింపు కింద పడి పాయింట్లన్నీ సున్నా అయ్యాయి, ఆ నెలలో మా పెద్ద ఖర్చు అదే. పెద్ద మొత్తం కట్టే ముందు చిన్న మొత్తంతో ఒకసారి కట్టి, ఏ కేటగిరీలో పడిందో యాప్‌లో చూసుకోండి. ఇది నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

అసలు దెబ్బ రెండో మార్పు. మెయిల్ సబ్జెక్ట్‌లో మీ కార్డు ఇప్పుడు మరింత మెరుగ్గా అని ఉంది. తెరిస్తే పైన ఒక ఫోటో, కొత్త డైనింగ్ ఆఫరు, ఇంకేదో భాగస్వామ్యం. వేలితో కిందికి తోసుకుంటూ పోతే నాలుగో పేరాలో సన్నటి బూడిదరంగు అక్షరాల్లో ఒక్క వాక్యం: ఫలానా తేదీ నుంచి మూడు పాయింట్లకు ఒకటి. అంతే. అప్పటికి నా దగ్గర 61,400 పాయింట్లు ఉన్నాయి, అమ్మానాన్నల్ని ఎప్పటినుంచో అనుకుంటున్న ఊరు తీసుకెళ్దామని మూడేళ్లుగా ఒక్కటీ ముట్టకుండా దాచినవి. పాత లెక్కలో వాటి విలువ 30,700. కొత్త లెక్కలో 20,466. ఖర్చంతా ఎప్పుడో అయిపోయింది, బిల్లులన్నీ ఒక్క రోజు ఆలస్యం లేకుండా కట్టాను, అయినా ఆ తేదీ దాటితే మూడో వంతు పోతుందన్నమాట. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"మేడం, మార్పుల గురించి మీకు 30 రోజుల ముందే మెయిల్ పంపాం కదండీ."

"పంపారండీ. కానీ ఈ పాయింట్లు నేను పాత లెక్క మీద సంపాదించుకున్నవి కదా, వీటికైనా పాత విలువ ఇవ్వరా?"

"సిస్టమ్‌లో అలాంటి ఆప్షన్ లేదండీ. సారీ మేడం."

ఆ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, అతని చేతిలో ఏమీ లేదు. కానీ నేనడిగిన ప్రశ్న తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటున్నా. అమెరికాలో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 డిసెంబరులో ఇదే మాట మీద కంపెనీలను హెచ్చరించింది, ఇప్పటికే సంపాదించుకున్న పాయింట్ల విలువ తగ్గించడం చట్టవిరుద్ధం కావచ్చని. ఆ తర్వాతి ఏడాదే ఆ మార్గదర్శకాన్ని వెనక్కి తీసుకున్నారు. కార్డు ఒప్పందంలోనేమో నిబంధనలు ఎప్పుడైనా మార్చుకునే హక్కు బ్యాంకుకు ఉందని రాసే ఉంటుంది. పాయింట్లు మన డబ్బు అనుకుంటాం, కాగితం మీద చూస్తే అవి బ్యాంకు ఇచ్చిన మాట మాత్రమే, ఆ మాటకు వడ్డీ కూడా రాదు.

ఎందుకు తగ్గిస్తారో కూడా చెప్పాలి కదా. మనం కార్డు వాడిన ప్రతిసారీ వ్యాపారి కొంత శాతం ఫీజు కడతాడు, అందులో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఇంటర్‌చేంజ్ ఫీజుగా వెళ్తుంది. మన పాయింట్లకు డబ్బు వచ్చేది చాలావరకు అక్కడి నుంచే, మిగతాది వార్షిక ఫీజుల నుంచి, బిల్లు పూర్తిగా కట్టలేక వడ్డీ మోసేవాళ్ల నుంచి. ఆ ఫీజు మీద పరిమితి పడితే రివార్డులు సన్నబడతాయి. ఆస్ట్రేలియాలో 2003లో అలా పరిమితి పెట్టాక పాయింట్ల విలువ తగ్గుతూ వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2015 డిసెంబరు నుంచి వ్యక్తిగత క్రెడిట్ కార్డుల మీద ఆ ఫీజు 0.3 శాతం దాటకూడదు, అందులోంచి 2 శాతం వెనక్కి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ కారణం నాకు అర్థమవుతుంది, దానితో పేచీ లేదు. నా పేచీ నాలుగో పేరాలో దాచి చెప్పడం మీద, పాత పాయింట్లకు కూడా కొత్త కత్తెర వేయడం మీద.

మూడోది లాంజ్. అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే లోపలికి రానిస్తారు. దాంతోపాటే ఫీజు మాఫీకి కావాల్సిన ఏడాది ఖర్చు రెట్టింపు చేశారు. ఇక్కడే నాలో వచ్చిన మార్పు నాకే నచ్చలేదు. మార్చిలో కొనాల్సిన వాషింగ్ మెషీన్ ఫిబ్రవరిలోనే కొన్నాను, ఆ గీత దాటడానికి. పాతది ఇంకా బాగానే తిరుగుతోంది. ఒక ఫీజు తప్పించుకోవడానికి దానికి ఎన్నో రెట్లు ఖర్చు ముందుకు జరిపానన్నమాట. ఆ రాత్రి కూర్చుని ఏడాది లెక్క మొత్తం కాగితం మీద వేశాను: పాయింట్లు రాని ఖర్చులు తీసేసి, మిగతా వాటికి కొత్త విలువ కట్టి, ఫీజు కూడా తీసేస్తే నాకు నిజంగా మిగిలేది వందకు ఒకటి కంటే తక్కువ. ఏ షరతూ లేని మామూలు క్యాష్‌బ్యాక్ కార్డు అంతకంటే ఎక్కువ ఇస్తోంది.

మా అన్నయ్యది వేరే దారి. ఐదు కార్డులు, ఒక్కో కేటగిరీకి ఒక్కోటి, అన్నీ ఎక్సెల్ షీట్‌లో. ఓపిక ఉన్నవాళ్లకు అది పనిచేస్తుంది, కాదనను, వాడు ఒకసారి మైళ్లతో, అంటే విమాన కంపెనీల పాయింట్లతో, బిజినెస్ క్లాసులో వెళ్లొచ్చాడు కూడా. కానీ కిందటేడు వదిన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక కార్డు గడువు మర్చిపోయాడు, లేట్ ఫీజు, వడ్డీ కలిపి ఆ కార్డు మీద ఏడాదంతా వచ్చినదాన్ని మింగేశాయి. పాయింట్లను విమాన మైళ్లకు మార్చేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి: సాధారణంగా ఒకసారి మారిస్తే మళ్లీ వెనక్కి రావు, ఆ తర్వాత ఎయిర్‌లైన్ తన లెక్క మార్చినా మనం చేసేదేమీ ఉండదు. టికెట్ ఖాళీ ఉందని చూసుకున్నాకే మార్చండి.

గొడవ చేస్తే లాభం లేదని మాత్రం అనుకోకండి. 2023 సెప్టెంబరులో అమెరికా విమాన సంస్థ డెల్టా ఎయిర్‌లైన్స్ లాంజ్, స్టేటస్ (తరచూ ఎక్కేవాళ్లకు ఇచ్చే హోదా) నిబంధనలు ఒక్కసారిగా బిగించింది, కస్టమర్లు ఎంతగా మండిపడ్డారంటే సీఈఓ ఎడ్ బాస్టియన్ తాము మరీ ఎక్కువ చేశామని ఒప్పుకుని, అక్టోబరులో కొన్నింటిని సడలించారు. నేను కూడా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను. విలువ మారలేదు కానీ ఆ ఏడాది ఫీజు వెనక్కి ఇచ్చారు. అడగకపోతే అదీ వచ్చేది కాదు.

చివరికి నేనేం చేశానంటే, ఆ 30 రోజులు అయ్యేలోపే ఉన్న పాయింట్లన్నీ టికెట్లకు వాడేశాను. సైట్ రెండుసార్లు ఆగిపోయింది, చేతులు వణికాయి, కానీ పాత విలువకే బుక్ అయ్యాయి. అమ్మానాన్నలతో ప్రయాణం అనుకున్నదానికంటే ఆర్నెల్లు ముందే జరిగింది. మూడో మార్పు వచ్చాక కార్డును అదే బ్యాంకులో ఫీజు లేని కిందిస్థాయి కార్డుకు మార్పించుకున్నాను. పూర్తిగా మూసేస్తే మన మొత్తం లిమిట్ తగ్గిపోతుంది, అదే ఖర్చు ఆ లిమిట్‌లో ఎక్కువ శాతంగా కనబడి క్రెడిట్ స్కోరు పడొచ్చు. మూసేసేవాళ్లు ముందు పాయింట్లు వాడుకోండి, చాలా కార్డుల్లో ఖాతాతో పాటే అవీ పోతాయి. రోజువారీ ఖర్చంతా ఇప్పుడు క్యాష్‌బ్యాక్ కార్డు మీదికి మార్చాను, వచ్చింది వచ్చినట్టు స్టేట్‌మెంట్‌లోనే తగ్గిపోతుంది.

ఎవరికి పనికొస్తుంది అంటే, నెలకు రెండు మూడుసార్లు విమానం ఎక్కేవాళ్లకు, ఆ కొత్త గీత ఎలాగూ దాటేవాళ్లకు ఇప్పటికీ పర్వాలేదు. మాలాంటి ఇళ్లకు వద్దనే చెప్తాను. చెల్లి కార్డు కూడా పోయిన వారమే మార్పించాం, దానికి 8,200 పాయింట్లు మిగిలి ఉంటే ముందు అవి వాడించాకే దరఖాస్తు పెట్టాం.