ఇరవై ఏళ్ల వాడకంలో స్వేచ్ఛా డెస్క్‌టాప్: పోలిక ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ మోసగించింది

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ డెస్క్‌టాప్‌లను, అంటే కోడును ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగలిగే, ఎక్కువగా లినక్స్ మీద నడిచే తెర పరిసరాలను, నేను 2004 నుండి వాడుతున్నాను. మొదట కేడీఈ 3, తరువాత గ్నోమ్ 2, 2011 నుండి చాలాకాలం గ్నోమ్ 3, నడుమ ఒక ఏడాదిన్నర విండోలను కీబోర్డుతో పక్కపక్కన పేర్చే ఐ3, ప్రస్తుతం ఒక కంప్యూటరులో గ్నోమ్, మరొకదానిలో కేడీఈ ప్లాస్మా. వీటిలో ఏదీ వారం పది రోజులు చూసి పక్కన పెట్టినది కాదు. ప్రతిదానిలోనూ జీతం తెచ్చిపెట్టే పనే చేశాను. ఇవి వాణిజ్య వ్యవస్థలను అనుకరించాలా, తమ దారి తాము వెతుక్కోవాలా అన్న ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఈ వాడకంలోంచి వచ్చినదే. అయితే ఆ ప్రశ్నను నాకు సరిగ్గా అర్థమయ్యేలా అడిగినది మాత్రం మా నాన్నగారు.

2014 ఏప్రిల్‌లో విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు నిలిపివేసినప్పుడు నాన్నగారి పాత కంప్యూటరులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న ఒక లినక్స్ పెట్టాను. ఆయనకు తేడా తెలియకూడదన్న ఉద్దేశంతో ఒక సాయంత్రమంతా కూర్చుని, కింద పట్టీని, ఎడమ మూలన మెనూను, పచ్చికబయలు బొమ్మను, చివరికి చెత్తబుట్ట ఉండే చోటును కూడా ఎక్స్‌పీలో ఉన్నట్టే అమర్చాను. మూడో రోజున ఫోను వచ్చింది. ఆయన విండోస్ కోసం రాసిన ఏదో ప్రోగ్రాము దించుకుని, దాని ఈఎక్స్‌ఈ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే అది తెరుచుకోలేదు. "ఒరేయ్, ఇది పాడైపోయినట్టుంది, సీ డ్రైవు కూడా కనబడట్లేదు" అన్నారు. పాడవలేదనీ, ఇది అసలు వేరే వ్యవస్థ అనీ వివరించాను. ఆయన అంతా విని, "వేరేదైతే మరి అదేనన్నట్టు ఎందుకు పెట్టావురా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

రెండేళ్ల తరువాత ఆ యంత్రం పూర్తిగా మూలనపడితే కొత్తదానిలో ఏ మార్పూ చేయని గ్నోమ్ ఇచ్చాను. ఈసారి ఫోను అదే రోజు వచ్చింది, కానీ ప్రశ్న మారింది: "దీన్ని ఎలా వాడాలి?" పోలిక ఉన్నచోట ప్రతి తేడా లోపంగా కనబడుతుంది, పోలిక లేనిచోట అదే తేడా నేర్చుకోవలసిన విషయంగా కనబడుతుంది. నేర్చుకోవడానికి ఆయనకు మూడు వారాలు పట్టిందనీ, విండోను కిందకు దించే బొత్తాం ఏదని నేటికీ అప్పుడప్పుడు అడుగుతారనీ కూడా ఇక్కడే చెప్పడం న్యాయం.

అనుకరణ అనే మాటను తేలిగ్గా తిట్టుగా వాడేస్తారు గానీ, దానికి చరిత్రలో కారణం ఉంది. 1995 ఆగస్టులో విండోస్ 95 టాస్క్‌బార్‌తో, స్టార్ట్ మెనూతో వచ్చిన కొద్దికాలానికే యూనిక్స్ (లినక్స్‌కు నమూనా అయిన పాత వ్యవస్థ) వాడేవారు ఎఫ్‌వీడబ్ల్యూఎం95 అన్న పేరుతో దాని రూపాన్ని తమ తెర మీదకు తెచ్చుకున్నారు. 1996 అక్టోబరులో మథియాస్ ఎట్రిచ్ కేడీఈని ప్రకటించినప్పుడు ఆయన ఫిర్యాదు యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాముకూ మరొకదానికీ పొంతన లేదన్నది, మామూలు మనిషికి అన్నీ ఒకే తీరులో పనిచేసే పరిసరం కావాలన్నది. 1997లో గ్నోమ్ పుట్టినది కూడా రూపం గురించిన తగవుతో కాదు. కేడీఈ బొత్తాలకూ మెనూలకూ ఆధారపడిన క్యూటీ అనే కోడు సంపుటి అప్పటికి స్వేచ్ఛా లైసెన్సు కింద లేకపోవడం వల్ల. ఎవరు ఎవరిని చూసి రాశారన్న పంచాయితీ పెడితే అది విండోస్ దగ్గర ఆగదు, 1984 నాటి మాకింతోష్‌నూ దాటి జెరాక్స్ వారి 1981 నాటి స్టార్ దాకా వెళ్లవలసి వస్తుంది. కాబట్టి చూసి రాయడమే తప్పనే వాదన నాకు నచ్చదు.

నాకు అభ్యంతరం కారణాన్ని వదిలేసి రూపాన్ని మాత్రమే తెచ్చుకోవడం దగ్గర. దీనికి మంచి ఉదాహరణ తెర మీద కనబడనిది. గ్నోమ్ తొలి ఏళ్లలో ఒక పత్రంలో మరొక ప్రోగ్రాము ముక్కను పొదగడానికి మైక్రోసాఫ్ట్ వారి కామ్, ఓఎల్ఈ పద్ధతులను చూసి బొనోబో అన్న వ్యవస్థను కట్టారు. అది బరువైనది, రాసేవారికి కష్టమైనది, వాడేవారిలో చాలామందికి దాని అవసరమే రాలేదు. చివరికి దానిని వదిలేశారు. ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి నేడు గ్నోమ్, కేడీఈ రెండూ వాడుతున్న డీ-బస్, కేడీఈలోనే సొంతంగా పెరిగిన డీకాప్ అనుభవంలోంచి వచ్చింది. పొరుగింటి సమస్యకు దొరికిన పరిష్కారాన్ని తెచ్చి మన ఇంట్లో పెట్టుకుంటే, దానికి తగ్గ సమస్యను కూడా మనమే వెతుక్కోవలసి వస్తుంది.

ఇక ఈ సమీక్షలో ఎక్కువ చోటు దక్కవలసినది గ్నోమ్ 3. 2011 ఏప్రిల్‌లో అది వచ్చినప్పుడు కింద పట్టీ పోయింది, డెస్క్‌టాప్ మీది చిహ్నాలు పోయాయి, విండో మీద కిందకు దించే బొత్తామూ పెద్దది చేసే బొత్తామూ పోయాయి. కంప్యూటరును పూర్తిగా ఆపే ఆదేశం ఆల్ట్ కీ నొక్కి ఉంచితే తప్ప మెనూలో కనబడేది కాదు. లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు ఆ ఏడాదే దానిని వదిలి ఎక్స్‌ఎఫ్‌సీఈకి వెళ్లిపోయాడు, కొంతకాలానికి తిరిగి వచ్చాడు కూడా. నేనూ మొదటి నెలంతా తిట్టుకుంటూనే వాడాను. విండోను కిందకు దించడానికి చోటు లేకపోతే దానిని ఏం చేయాలో తెలియలేదు.

రెండో నెలలో తెలిసింది: దానిని అక్కడే వదిలేసి వేరే వర్క్‌స్పేస్‌లోకి, అంటే విండోలు పరుచుకోవడానికి మరో ఖాళీ తెరలాంటి చోటులోకి, వెళ్లాలి. గ్నోమ్ 3లో వర్క్‌స్పేస్‌ల సంఖ్యను ముందుగా నిర్ణయించనక్కరలేదు, చివర ఎప్పుడూ ఒక ఖాళీది సిద్ధంగా ఉంటుంది, దానిలో ఏదైనా తెరిస్తే మరొక ఖాళీది పుడుతుంది, ఖాళీ అయినది తనంతట తాను మాయమవుతుంది. గ్నోమ్ 2లో నాలుగు వర్క్‌స్పేస్‌లు ఏళ్ల తరబడి నా కళ్లెదుట ఉన్నా, నేను మొదటిదాని గడప దాటలేదు. ఈ చిన్న మార్పు తరువాత ఉత్తరాలకు ఒకటి, రాతకు ఒకటి, చదువుకు ఒకటి అని విడగొట్టుకోవడం నాకు తెలియకుండానే అలవాటయింది. సూపర్ కీ (విండోస్ గుర్తుండే కీ) నొక్కితే తెరిచి ఉన్నవన్నీ ఒక్కసారిగా కనబడటం, అక్కడే రెండక్షరాలు కొడితే కావలసినది తెరుచుకోవడం వల్ల మెనూలో వెతకడమనే పని నా రోజులోంచి దాదాపుగా తప్పుకుంది. విండోస్‌ను అనుకరించే ఏ అమరికా నాకు ఈ అలవాటు నేర్పలేకపోయింది, ఎందుకంటే కింద పట్టీ ఉన్నంతకాలం అన్నిటినీ దానిలోకే దించేవాడిని.

ఈ మెప్పుకు మరో వైపు ఉంది. గ్నోమ్ తన దారిని తాను వెతుక్కోవడమే కాక, పక్కదారులను మూసే అలవాటు కూడా చేసుకుంది. 3.26 వెర్షన్‌లో పాత ప్రోగ్రాముల చిహ్నాలు నిలిచే చోటును తీసివేశారు. తీసివేసినవాటిని ఎక్స్‌టెన్షన్లనే చిన్న చేర్పులతో తిరిగి తెచ్చుకోవచ్చు నిజమే, కానీ ఆ ఎక్స్‌టెన్షన్లు గ్నోమ్ తెరను నడిపే గ్నోమ్ షెల్ లోపలి కోడునే నేరుగా మార్చి పనిచేస్తాయి కనుక ఆరు నెలలకొకసారి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వాటి ప్రాణం గాలిలో దీపమే. 2023 సెప్టెంబరులో గ్నోమ్ 45 వచ్చినప్పుడు లోపలి పద్ధతి మారడంతో ఎక్స్‌టెన్షన్లన్నిటినీ రాసినవారు సవరించవలసి వచ్చింది. నేను రోజూ ఆధారపడే రెండింటిలో ఒకటి వారంలో తిరిగి వచ్చింది, రెండవది రాలేదు, దాని రచయిత అలసిపోయి ఉంటారు. కొత్తదనం తెచ్చేవారు తమ ఖర్చును ఇలా జీతంలేని ఇతరుల మీదకు నెట్టడం నాకు సమ్మతం కాదు.

కేడీఈ 4 కథ ఇంతకంటే పొట్టిది, చేదుది. 2008 జనవరిలో 4.0 వచ్చినప్పుడు అది అందరికీ సిద్ధమైనది కాదని తయారుచేసినవారే చెప్పారు, కానీ అంకె మాత్రం 4.0 అని చెప్పింది. నేను అప్పుడు వాడుతున్న డిస్ట్రో, అంటే లినక్స్ పంపిణీ (పేరెందుకులెండి), నా చక్కటి కేడీఈ 3.5ను ఒక అప్‌డేట్‌లో తీసేసి దానిని పెట్టింది, నేను ఆ వారాంతమే గ్నోమ్ 2కు మారిపోయాను. ఫైళ్లకూ మనుషులకూ పనులకూ మధ్య సంబంధాలను కంప్యూటరే గుర్తుపెట్టుకోవాలన్న నెపోముక్ ఆలోచన గొప్పదే, కానీ తరువాత ఆ శ్రేణికి తిరిగి వెళ్లి చూసినప్పుడు నాకు అందులోంచి దక్కింది ఆగకుండా తిరిగే డిస్కు చప్పుడు మాత్రమే. 2014లో దాని స్థానంలో తేలికైన బాలూ వచ్చాక గానీ వెతుకులాట అన్నది నాకు ఉపయోగపడలేదు.

ఉబుంటూ అనే లినక్స్ పంపిణీ సొంత డెస్క్‌టాప్ అయిన యూనిటీని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ వెలితిగా ఉంటుంది. ఉబుంటూ 12.04లో వచ్చిన హడ్ అనే సౌకర్యంలో ఆల్ట్ నొక్కి కావలసిన ఆదేశం పేరు కొడితే చాలు, ఆ ప్రోగ్రాము మెనూలలో అది ఎంత లోతున దాగి ఉన్నా పైకి వచ్చేది. వందల ఆదేశాలున్న బొమ్మల ఎడిటరులో పనిచేసే నాకు అది వరం. 2017 ఏప్రిల్‌లో ఉబుంటూను తయారుచేసే సంస్థ కానానికల్ యూనిటీని వదిలేస్తున్నట్టు ప్రకటించింది, ఆ అక్టోబరు విడుదల గ్నోమ్‌తో వచ్చింది. దాని తరువాతి వెర్షన్ యూనిటీ 8ను స్వచ్ఛంద కార్యకర్తలు లోమిరి పేరుతో ఇప్పటికీ నడుపుతున్నారు, కోడు స్వేచ్ఛగా ఉండటం వల్లే అది సాధ్యమయింది. ఇదే బలం గ్నోమ్ 2కూ ఉపయోగపడింది: 2011లోనే దానిని మాటే అన్న పేరుతో కొనసాగించడం మొదలుపెట్టారు. కొత్తదారి పట్టే ధైర్యం వాణిజ్య వ్యవస్థల కంటే స్వేచ్ఛా డెస్క్‌టాప్‌లకే ఎక్కువ ఉండాలని నేను అనుకోవడానికి కారణం ఇదే. 2012లో విండోస్ 8 స్టార్ట్ బొత్తామును తీసేసినప్పుడు దాని వాడుకరులకు పాతదానిని తామే కొనసాగించే వీలు లేదు. మరుసటి ఏడాది 8.1లో బొత్తామూ, 2015లో విండోస్ 10తో మెనూ తిరిగివచ్చేదాకా వారు ఆగారు. గ్నోమ్ 3 నచ్చనివారు ఆగవలసిన పని లేకపోయింది.

అనుకరణ ఎప్పుడూ ఒకే దిక్కుకు నడిచిందని అనుకునేవారికి ఒక మాట. యూనిక్స్ వాడుకరులు 1990ల నుండి వాడుతున్న అనేక డెస్క్‌టాప్‌ల (అంటే వర్క్‌స్పేస్‌ల) సౌకర్యం మాక్‌లో 2007లోనూ, విండోస్‌లో అందరికీ కనబడేలా 2015లోనూ వచ్చింది. కేడీఈ బ్రౌజరు కోసం రాసిన, వెబ్ పేజీలను తెర మీద చూపే కేహెచ్‌టీఎంఎల్ అనే ఇంజన్‌ను ఆపిల్ 2003లో సఫారీకి పునాదిగా తీసుకుంది. దానిలోంచి వెబ్‌కిట్, వెబ్‌కిట్‌లోంచి 2013లో క్రోమ్ వాడే బ్లింక్ పుట్టాయి. ఇంత ప్రభావం చూపిన పనిని ఏ సమీక్షలోనూ డెస్క్‌టాప్ కొత్తదనంగా లెక్కపెట్టరు, ఎందుకంటే అది తెర మీద మెరిసేది కాదు.

నేను వదులుకోలేనివి కూడా మెరవనివే. ఆల్ట్ నొక్కి విండోను ఎక్కడ పట్టుకున్నా జరపగలగడం, ఎంచుకున్న పాఠాన్ని మౌస్ నడిమి బొత్తాంతో అతికించగలగడం, వేరే ఊళ్లో ఉన్న కంప్యూటరులోని ఫైలును ఇక్కడి ఫైలు పెట్టెలోంచే తెరిచి సరిదిద్దగలగడం. ఇతరుల విండోస్ కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు నా చేయి అలవాటుగా ఆల్ట్ మీదకు పోయి, ఏమీ కదలక, ఒక క్షణం తెల్లబోతుంది. ఐ3ని ఏడాదిన్నర వాడి వదిలిపెట్టడానికి కారణం మరొకరు నా యంత్రం ముందు కూర్చుంటే ఒక్క పనీ చేయలేకపోవడమే, అంతకుమించి దానిలో నాకు లోపం కనబడలేదు.

ఎక్కడ పోలిక ఉండాలన్నదానికి నా లెక్క ఇది: అందరి చేతులకూ ఒకే తీరుగా అలవాటైన వాటిని ముట్టుకోకూడదు. కాపీకి కంట్రోల్-సీ, అతికించడానికి కంట్రోల్-వీ ఉంటే వాటిలో ఎవరి గొప్పతనమూ లేదు, మారిస్తే మాత్రం అందరికీ నష్టం. 2024 ఫిబ్రవరిలో ప్లాస్మా 6 వచ్చినప్పుడు కేడీఈ ఏళ్ల తరబడి కాపాడుకున్న ఒక్క నొక్కుతో ఫైలు తెరిచే పద్ధతిని మార్చి, మొదటి అమరికగా రెండు నొక్కులు పెట్టింది. పాత వాడుకరిగా నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. అయినా కొత్తగా వచ్చేవారు ఫైలును ఎంచుకోబోయి తెరిచేసుకోవడం ఎన్నోసార్లు చూసినవాడిని కనుక, వారి నిర్ణయం సరైనదేనని ఒప్పుకుని, నా సెట్టింగులలో ఒక్క నొక్కుకు మార్చుకున్నాను. మార్చుకునే వీలు ఉంచారు, అది చాలు.

ప్రస్తుతానికి రెండు కంప్యూటర్ల మీదా నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇరవై ఏళ్ల కిందట కేడీఈ 3లో కంప్యూటరు ఆపి మళ్లీ పెడితే నా విండోలు ఎక్కడివి అక్కడ తిరిగి వచ్చేవి. విండోలను తెర మీద చూపే కొత్త పద్ధతి వేలాండ్‌కు మారిన తరువాత నా గ్నోమ్‌లోనూ నా ప్లాస్మాలోనూ అది నమ్మకంగా జరగడం లేదు. ప్రతి సోమవారం పొద్దున నాలుగు వర్క్‌స్పేస్‌లను చేత్తో సర్దుకుంటున్నాను. మాక్‌లో ఇటువంటి సౌకర్యం 2011 నుండి ఉంది. ఈ ఒక్కదానిని ఉన్నదున్నట్టు కాపీ కొట్టినా నేను నోరెత్తను.