డబ్లిన్ లైబ్రరీ టూర్ టికెట్లు ఇక్కడే కొంటున్నారా? ముందు ఇది చదవండి

పిల్లల దగ్గరికి ఐర్లండ్ వెళ్లే మన శ్రీకాకుళం తల్లిదండ్రులందరూ ఒకసారి ఆగి చదవండి. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పాత లైబ్రరీ చూపిస్తామని మన ఊళ్లో ఒక ట్రావెల్ ఏజెంటు మాకు టికెట్లు అమ్మాడు. తీరా అక్కడికి వెళ్తే ఆ టికెట్లతో లైబ్రరీ గుమ్మం కూడా దాటనివ్వలేదు. ఇద్దరికీ కలిపి 11,400 రూపాయలు కట్టాం.

నేను శాఖా గ్రంథాలయంలో 26 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయి కాన్వొకేషన్‌కి రమ్మన్నప్పుడు నేను కోరింది ఒక్కటే, ఆ పాత లైబ్రరీలోని లాంగ్ రూమ్ అనే పెద్ద హాలు చూడాలని. 1712లో మొదలుపెట్టి 1732లో పూర్తి చేసిన కట్టడం ఆ లైబ్రరీ. ఆ హాలు పొడవు దాదాపు 65 మీటర్లు, అందులో రెండు లక్షల పాత పుస్తకాలు ఉండేవి. దాని ఫొటో ఒకటి ఆఫీసులో నా టేబుల్ అద్దం కింద ఏళ్ల తరబడి ఉండేది. చదువు, పార్ట్ టైం ఉద్యోగం మధ్య నలిగిపోతున్న పిల్లకు ఇదొక పని ఎందుకులే అని, టికెట్లు మేమే ఇక్కడ కొన్నాం.

ఏజెంటు చూపించిన రంగుల కరపత్రంలో నేల నుంచి కప్పు దాకా అరల నిండా పుస్తకాలున్నాయి. "గైడుతో సహా లైబ్రరీ టూర్ మేడమ్, లోపల కూర్చుని పుస్తకాలు తిరగేయొచ్చు కూడా" అన్నాడు. శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ అయిన మన కథానిలయానికి వెళ్తే ఏ పాత పత్రిక అడిగినా తీసి చేతిలో పెడతారు. 1997లో పెట్టినప్పటి నుంచి నాకు అదే అలవాటు. లైబ్రరీ అంటే ఎక్కడైనా అంతే కదా అని నమ్మేశాను. అక్కడ అలా ఉండదు. సుమారు 1,200 ఏళ్ల నాటి బుక్ ఆఫ్ కెల్స్, దూడ చర్మం మీద రాసిన లాటిన్ సువార్తల ప్రతి, అద్దాల పెట్టెలో ఉంటుంది. టూరిస్టు టికెట్ మీద ఎవరూ ఏ పుస్తకమూ చేతికివ్వరు. చదువుకోవడానికి వేరే అనుమతి కావాలి.

ఆ రోజు సన్నటి వాన. గొడుగు పట్టుకున్న గైడు రాళ్లు పరిచిన ఆవరణలో ముప్పావుగంట తిప్పాడు, గంట గోపురం చూపించాడు, చివరికి పాత లైబ్రరీ ముందు ఆపి "నా టూర్ ఇంతవరకే" అన్నాడు. మేం వెళ్లి క్యూలో నిలబడ్డాం. గుమ్మం దగ్గరి అమ్మాయి మా వోచరు స్కాన్ చేస్తే ఎర్ర లైటు వెలిగింది. ఆమె వేలు పెట్టి చూపించాక గానీ అడుగున చిన్న అక్షరాలు మా కంట పడలేదు. అది కాంపస్ నడకకు మాత్రమేనట, లైబ్రరీ ప్రవేశం అందులో లేదట. అప్పటికప్పుడు కొందామంటే ఆ రోజు స్లాట్లన్నీ నిండిపోయాయి. మోకాళ్ల నొప్పితో మా ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. ఆయన్ని అలా చూస్తే నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

మా అమ్మాయి, ట్రినిటీ కాలేజీ సొంత వెబ్‌సైట్‌లో రెండు రోజుల తర్వాతికి టికెట్లు తీసింది. ఇద్దరికీ కలిపి మేం ఇక్కడ కట్టిన దాంట్లో సగం కూడా కాలేదు.

లోపలికి వెళ్తే అరలు దాదాపు అన్నీ ఖాళీ. ఖాళీ అరలు చూసి నాకు బాధ కలగలేదు. 2019లో పారిస్‌లో నోత్రదామ్ చర్చి కాలిపోయాక, ఇక్కడా అలాంటిది జరగకూడదని మరమ్మతుల పని తొందరపెట్టారు. 2022 నుంచి పుస్తకాలు దింపుతూ, ఒక్కొక్కదానికీ దుమ్ము తీసి, కొలిచి, ఎలక్ట్రానిక్ ట్యాగు పెట్టి, చల్లదనం, తేమ అదుపులో ఉండే గోదాములకు పంపుతూ వచ్చారు. అసలు కట్టినప్పుడే చెమ్మ తగలకుండా కింది అంతస్తును తెరిచిన వరండాలా వదిలి, పుస్తకాలను పైన పెట్టారు. 1860లో చోటు చాలక కప్పు ఎత్తి ఇంకో వరుస అరలు వేశారు. తిత్లీ తుపాను తర్వాత తడిసిన పుస్తకాలకు పేజీ పేజీకీ మధ్య న్యూస్ పేపరు పెట్టి ఆరబెట్టినదాన్ని, ఆ శ్రద్ధ విలువ నాకు తెలుసు. అరల మీద ఒక్కో అక్షరం, లోపల ఉత్త చెక్క. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

అరలు ఖాళీ చేసిన సంగతి కాలేజీ వాళ్లు దాచలేదు, అందరికీ చెప్పే చేశారు. నిండిన అరల పాత ఫొటో చూపించి మాకు అమ్మినాయన మాత్రం ఆ మాటే ఎత్తలేదు. పుస్తకాలు చూడాలనే ఆశతో అంత దూరం వెళ్లేవాళ్లకు ఆ ఒక్క మాట ముందే చెప్పాలా వద్దా?

తిరిగొచ్చి నిలదీస్తే "టూర్ అన్నాం గానీ లోపలికి అనలేదు కదండీ" అన్నాడు. రసీదు మీద "ట్రినిటీ టూర్" అని తప్ప ఇంకేమీ లేదు. డబ్బు కూడా ఆయన సొంత నంబరుకు ఫోన్‌పే చేశాం, అది మేం చేసిన ఇంకో తప్పు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం, ఇంకా తేలలేదు.

మీరు కొనేముందు టికెట్ మీద ఓల్డ్ లైబ్రరీ, లాంగ్ రూమ్, బుక్ ఆఫ్ కెల్స్ అనే మాటలు ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. వెళ్లాల్సిన తేదీ, టైము అందులో ఉండాలి. లేకపోతే అది లోపలికి వెళ్లే టికెట్ కాకపోవచ్చు. వీలైతే కాలేజీ వెబ్‌సైట్‌లోనే కొనండి. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవి చాలావరకు ప్రకటనలు, వాటిలో వేరేవాళ్లు ఎక్కువ ధరకు అమ్మేవి కూడా ఉంటాయి, కాబట్టి వెబ్‌సైట్ పేరు సరిచూసుకోండి. పిల్లలకు చెబితే ఐదు నిమిషాల పని. వాళ్లకు ఇబ్బందని మొహమాటపడకండి, మేం అలా మొహమాటపడే నష్టపోయాం.

ఇప్పటికే ఇక్కడ డబ్బు కట్టేసినవాళ్లుంటే వోచరు అడుగున ఉన్న చిన్న అక్షరాలు ఈ రోజే చదవండి. లైబ్రరీ ప్రవేశం లేదని ఉంటే విమానం ఎక్కకముందే డబ్బు వెనక్కి అడగండి, ఆ అడిగేదేదో వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి.